చెప్పులతోపాటు బుర్ర కూడా గుమ్మం బయటేనా?

ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి మీకు గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు వుంటోందా? సోమవారం వుదయం టిఫిను సయించడం లేదా? పండగ సెలవుల్లో ఈ బాధలేవీ కనిపించకుండా పోయి, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళే ముందు రోజు రాత్రి వచ్చి పక్కలో కూర్చుంటున్నాయా? అయితే ఈ వారం కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్నామధ్య ఒకాయన, ఆయన భార్య నా దగ్గరకి వచ్చారు. ఆయనకి నలభై రెండేళ్ళు. ఒక ఫైనాన్సు కంపెనీలో సీనియర్ అసిస్టెంటు. చేతిలో అంగుళం మందాన రిపోర్టుల ఫైలు. ఇ.సి.జి. తీశారు, బాగుంది. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, బాగుంది. గొట్టం వేసి కడుపులో చూశారు, పుండు లేదు. షుగరు లేదు. థైరాయిడ్ సరిగానే వుంది. ఒక్క బి.పి. మాత్రం 150/96 వుంది. అది కూడా సెలవు రోజుల్లో ఇంట్లో చూసుకుంటే తక్కువే వుంటోందట.

"మరి ఏమిటి డాక్టరుగారూ నా జబ్బు?" అన్నారాయన. అప్పటికి నలుగురు డాక్టర్లని చూశారు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు నరాల బలహీనత అని టానిక్కు రాశారు, ఒకరు ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేదంటే ఆయనకి ఇంకా కోపం. బాధ వుంటే లేదంటారేమిటి?

ఆయన భార్య అంతవరకూ ఏమీ మాట్లాడలేదు. లేవబోతూ ఒక మాట అన్నారు. "ఇంట్లో ఏది అడిగినా 'నీ ఇష్టం' అంటున్నారండీ. కూర ఏం చెయ్యమంటారంటే నీ ఇష్టం. పిల్లాడిని ఏ కాలేజీలో చేర్చాలంటే నీ ఇష్టం. ఇదివరకు ఇలా వుండేవారు కాదు. కార్తీక మాసంలో వనభోజనాలంటే వీధి వీధంతా ఈయన చెప్పినట్టు నడిచేది."

ఆ మాటతో నేను ఫైలు మూసేసి, ఆయన ఆఫీసు గురించి అడగడం మొదలుపెట్టాను.

మూడేళ్ళ క్రితం వరకు ఆయన ఒక చిన్న బ్రాంచిలో పనిచేశారు. ఆరుగురు మనుషులు. తెల్లవారి లేస్తే రైతులు, చిన్న వ్యాపారులు. ఎవరికి ఎప్పుడు రమ్మని చెప్పాలో, ఏ కాగితం ముందు చూడాలో, మొండి బాకీని ఎలా రాబట్టాలో అంతా ఆయన బుర్రే. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరినా హుషారుగానే వుండేవారు. తర్వాత ప్రమోషను ఇచ్చి హెడ్డాఫీసుకి మార్చారు. జీతం పెరిగింది. ఎ.సి. గది. పని కూడా తక్కువే. కానీ ఒక్క వుత్తరం బయటకి వెళ్ళాలంటే నాలుగు టేబుళ్ళు తిరగాలి. చేరిన కొత్తలో ఒక పద్ధతి మారిస్తే బాగుంటుందని మీటింగులో అన్నారట. పై అధికారి అందరి ముందూ, "మీకు జీతం ఇచ్చేది ఆలోచించడానికి కాదు" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన మీటింగుల్లో నోరు విప్పలేదు. గుళ్ళోకి వెళ్ళేవాళ్ళు చెప్పులు బయట విడిచినట్టు, ఆఫీసు గుమ్మం దగ్గర బుర్రని కూడా విడిచి లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు.

మీరు అనొచ్చు, ఇది ఆఫీసు గొడవ, దీనికీ వైద్యానికీ సంబంధం ఏమిటని. చాలా కాలం డాక్టర్లం కూడా అలాగే అనుకున్నాం. 

పెద్ద బాధ్యతలు మోసే పెద్ద ఆఫీసర్లకే గుండెజబ్బులు వస్తాయి, గుమాస్తాలకేం, హాయిగా కాలం గడిపేస్తారు అని లోకంలో ఒక నమ్మకం వుంది. లండన్‌లో వైట్‌హాల్ అని ఒక వీధి. బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాలు చాలా ఆ చుట్టుపక్కలే. 1967లో మొదలుపెట్టి అక్కడి ప్రభుత్వోద్యోగుల్లో 40 నుంచి 64 ఏళ్ళ మధ్య వున్న సుమారు 18,000 మంది మగవాళ్ళని పరీక్షించి, ఆ తర్వాత ఎవరికి ఏ జబ్బు వస్తుందో ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. వీళ్ళలో ఎవరూ గనుల్లో పనిచేసేవాళ్ళు కారు, ఎవరూ పస్తులుండేవాళ్ళు కారు. అందరివీ నీడపట్టున చేసే ప్రభుత్వోద్యోగాలే. తేలిందేమిటో తెలుసా? అందరికన్నా కింది మెట్టు మీద వున్నవాళ్ళు, అంటే ఫైళ్ళు మోసే బంట్రోతుల లాంటి వాళ్ళు, పై మెట్టు అధికారులతో పోలిస్తే గుండెజబ్బుతో చనిపోవడం మూడు రెట్లకి పైగా ఎక్కువ! మధ్యలో గుమాస్తాలు మధ్యలోనే వున్నారు. మెట్టు మెట్టుకీ తేడా.

కింది వాళ్ళు సిగరెట్లు ఎక్కువ కాలుస్తారు, అందుకే అన్నారు కొందరు. నిజమే, కాలుస్తారు. కానీ సిగరెట్లు, రక్తపోటు, కొలెస్టరాలు అన్నీ లెక్క కట్టి తీసేసినా సగానికి పైగా తేడా అలాగే మిగిలింది. అది ఎక్కడిది?

దానికోసం 1985లో మైకేల్ మార్మట్ అనే వైద్యుడి నాయకత్వంలో రెండో విడత మొదలుపెట్టారు. ఈసారి ఆడవాళ్ళు కూడా వున్నారు. మొత్తం 10,308 మంది. వీళ్ళని రక్తపరీక్షలతోపాటు కొన్ని మామూలు ప్రశ్నలు అడిగారు. మీ పని ఎలా చెయ్యాలో మీరే నిర్ణయించుకుంటారా? ఏది ముందు, ఏది వెనక అన్నది మీ ఇష్టమేనా? విశ్రాంతి ఎప్పుడు తీసుకోవాలో మీరు చెప్పగలరా? 1997లో వచ్చిన ఫలితాల్లో, మెట్టు మెట్టుకీ కనిపించిన ఆ తేడాకి అన్నిటికన్నా ఎక్కువగా కారణం చూపించింది ఈ ప్రశ్నల జవాబులే. తన పని మీద తనకి పెత్తనం లేకపోవడమన్నమాట!

పని ఎక్కువైతే జబ్బు చేస్తుందని మనకి తెలుసు. పనిలో మన మాటకి చోటు లేకపోతే కూడా చేస్తుందని మాత్రం తోచదు.

మీ అమ్మాయి పెళ్ళి గుర్తు తెచ్చుకోండి. పదిహేను రోజులు సరిగ్గా నిద్ర లేదు. వేళకి తిండి లేదు. షామియానా వాడు రాలేదు, పాలు తక్కువయ్యాయి, మగపెళ్ళివారి బస్సు దారిలో ఆగిపోయింది. అయినా మీకు గ్యాస్ ట్రబుల్ సంగతి గుర్తొచ్చిందా? రాలేదు. ఎందుకంటే ప్రతి సమస్యకీ మీరే ఒక దారి వెతికారు. అదే పెళ్ళిలో, మీ పాట్లు ఇవే అయివుండి, కొబ్బరికాయ కొనాలన్నా మీ బావగారి చేత సంతకం పెట్టించుకోవాలి, ఆయన ఒకరోజు ఆగి చెబుతానంటారు అనుకోండి. మూడో రోజుకి మీరు మంచం ఎక్కేవారు!

అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లో ఈ సంగతినే శాస్త్రంగా చెప్పాడు. పని ఒత్తిడి ఎక్కువగా వుండి, నిర్ణయం చేతిలో కూడా వుంటే మనిషి అలిసినా ఎదుగుతాడు, కొత్త సంగతులు నేర్చుకుంటాడు. ఒత్తిడి ఎక్కువ, నిర్ణయం చేతిలో లేదు, అప్పుడు జబ్బు పడతాడు. ఇక ఒత్తిడీ లేక, నిర్ణయమూ లేకపోతే? సుఖంగా వుంటాడని మనం అనుకుంటాం. అలా జరగదు. మనిషి మందగిస్తాడు. స్వీడన్ కార్మికులని 1968లోనూ, మళ్ళీ 1974లోనూ పరిశీలించిన లెక్కల్లో ఆయనకి మరో సంగతి కనిపించింది. వుద్యోగంలో చొరవకి చోటు తగ్గినవాళ్ళు తీరికవేళల్లో కూడా ముడుచుకుపోయారు. సంఘాలకి వెళ్ళడం, నలుగురిలో కలవడం తగ్గించేశారు. అంటే, ఆఫీసు గుమ్మం దగ్గర విడిచిన బుర్రని సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ తొడుక్కోవడం అంత సులభం కాదు. ఇందాక ఆవిడ చెప్పిన 'నీ ఇష్టం' సంగతి ఇదే.

శరీరంలో ఏం జరుగుతుంది?

సమస్య ఎదురైతే శరీరం దానితో తలపడడానికి సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీద టోపీలాగా కూర్చుని వున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లని వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, రక్తపోటు పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెరని పంపిస్తుంది, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. పని జరిగిపోతే అన్నీ సర్దుకుంటాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించారు, పొంగు అణిగింది. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ మంట తగ్గించే మీట ఎప్పుడూ మరొకరి చేతిలో వుంటే? రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి మూడువందల రోజులు పాలు అంచు దాకా వచ్చి నిలబడి వుంటాయి. నిద్ర చెడుతుంది. కడుపు మండుతుంది. రక్తపోటు దిగడం మానేస్తుంది.

అలాగని ప్రతి గుండెజబ్బునీ ఆఫీసరు నెత్తిన రుద్దకండి. 2012లో ఐరోపాలో జరిగిన 13 అధ్యయనాల లెక్కలు కలిపి, సుమారు రెండు లక్షల మంది మీద తేల్చింది ఏమిటంటే, ఒత్తిడి ఎక్కువగా వుండి పెత్తనం లేని వుద్యోగం గుండెజబ్బు ప్రమాదాన్ని నూటికి 23 వంతులు పెంచుతుంది. అది తక్కువేమీ కాదు. కానీ పొగతాగడం వల్ల వచ్చే చేటు అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఆఫీసరు మీద కోపంతో బయటకి వెళ్ళి సిగరెట్టు ముట్టిస్తున్నారంటే, ఆయన చేసిన హాని చాలక మీరూ ఒక చెయ్యి వేస్తున్నారన్నమాట.

"కొందరికి చొరవ పుట్టుకతోనే వుండదండీ, ఏం చేస్తాం" అని ఆఫీసర్లు అంటూ వుంటారు. ఇది ఎంతవరకు నిజం?

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు అమెరికాలో కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. వినడానికే బాధగా వుంటుంది. కుక్కలకి విద్యుత్ షాకులిచ్చారు. కొన్ని కుక్కలు తలతో ఒక పలకని నొక్కితే షాకు ఆగిపోయేది. మరి కొన్నిటికి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత అన్నిటినీ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో వున్న చిన్న అడ్డుగోడ దూకితే చాలు, షాకు తప్పుతుంది. పలక నొక్కడం నేర్చినవి దూకాయి. ఏం చేసినా ఫలితం లేదని అనుభవించినవాటిలో ఎక్కువ భాగం అక్కడే పడుకుని మూలిగాయి. దారి తెరిచే వుంది. అవి చూడలేదు. నిస్సహాయతని నేర్చుకున్నాయి అన్నారు శాస్త్రజ్ఞులు.

ఈ కథ చాలామందికి తెలుసు. తర్వాతి సంగతి తక్కువమందికి తెలుసు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు మీద జరిగిన పరిశోధనలన్నీ చూసి, మేము అప్పుడు తలకిందులుగా చెప్పాం అని ఒప్పుకున్నారు. బాధ ఆగకుండా వస్తుంటే చేతులు ముడుచుకోవడం జీవికి సహజంగా వచ్చేదేనట. నేర్చుకోవలసింది రెండోది: 'నేను ఏదైనా చేస్తే ఫలితం వుంటుంది' అన్నది. నుదుటి వెనక వుండే మెదడు భాగం దాన్ని అనుభవం మీద నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక, భయపెట్టే కింది భాగాన్ని అదుపులో పెడుతుంది.

కాబట్టి చొరవ అనేది కొందరి ఒంట్లో వుండి కొందరి ఒంట్లో లేకుండా పోయే విటమిను కాదు. సీసాలో దొరికే టానిక్కు అంతకన్నా కాదు. మనిషి ఏదైనా చేసినప్పుడు చుట్టూ వున్నవాళ్ళు దానికి విలువ ఇస్తే అది నేర్చుకుంటాడు. ఇవ్వకపోతే నేర్చుకోడు. ఆఫీసు ఎలా కట్టబడి వుందో, అక్కడి మనుషుల బుర్రలు అలా తయారవుతాయి.

ఇవన్నీ తెల్లవాళ్ళ సంగతులు, మన దేశంలో చెల్లవు అంటారా? అయితే అహమ్మదాబాదు వెళదాం.

అక్కడి కాలికో మిల్లులో 1950లలో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. ఒక షెడ్డులో 224 మగ్గాలు. వాటికి 29 మంది పనివాళ్ళు. కానీ ఆ 29 మందివీ పన్నెండు రకాల వుద్యోగాలు! నేసేవాడు వేరు. కండెలు నింపేవాడు వేరు. తెగిన పోగులు అతికేవాడు వేరు. నూనె పోసేవాడు వేరు. వూడ్చేవాడు వేరు. ఒకరికి ఇన్ని మగ్గాలు, మరొకరికి అన్ని మగ్గాలు. ఏ ఇద్దరి లెక్కా కలవదు. మగ్గం ఆగితే నాది కాదంటే నాది కాదనేవారు. కొత్త యంత్రాలు వచ్చాయి గాని గుడ్డ పెరగలేదు, చెడిపోయే గుడ్డ కూడా తగ్గలేదు. అందరూ యంత్రాన్ని అనుమానించారు, కొందరు పనివాళ్ళని అనుమానించారు.

లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ అనే ఆయన వచ్చి చూశాడు. యంత్రమూ బాగానే వుంది, మనుషులూ బాగానే వున్నారు, పని పంచిన తీరు బాగా లేదు అన్నాడు. కొన్ని మగ్గాలని ఒక చిన్న జట్టుకి అప్పగించి, వాటి మంచిచెడ్డలన్నీ ఆ జట్టే చూసుకుంటే ఎలా వుంటుందని 1953లో ఒక ఆలోచన బయటపెట్టాడు. ఇక్కడే నాకు ముచ్చట వేస్తుంది. ఆ ఆలోచన చెవిన పడగానే పనివాళ్ళూ, సూపర్‌వైజర్లూ దాన్ని తమదిగా చేసుకున్నారు. పైనుంచి ఎవరో వచ్చి జాబితా రాసిచ్చే దాకా ఆగలేదు. ఏడుగురేసి చొప్పున తమలో తామే జట్లు కట్టుకుని వచ్చి, ఇదిగో మేం సిద్ధం అన్నారు! మొన్నటి దాకా 'నాది కాదు' అన్న మనుషులే. మొదట్లో కాస్త తడబడ్డారు. తర్వాత నేత పెరిగింది, చెడిపోయిన గుడ్డ తగ్గింది. నూనె పోసేవాడు పోగు అతకడం నేర్చుకున్నాడు. ఒకరికి ఒంట్లో బాగుండకపోతే మిగిలిన ఆరుగురూ సర్దుకున్నారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు, అదీ చెప్పాలి. 1970లో ఎరిక్ మిల్లర్ అనే మరొకాయన వెళ్ళి చూస్తే, ఒకచోట జట్టు పద్ధతి అలాగే నిలిచి వుంది. మరోచోట మార్పులు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా పాత పద్ధతికి జారిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మిల్లే మూతపడింది. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛ దానంతట అది నిలబడదు. తులసికోటకి నీళ్ళు పోసినట్టు రోజూ ఎవరో ఒకరు పోస్తూ వుండాలి.

మా వృత్తి గురించి కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆస్పత్రుల్లో వున్నంత మెట్ల వరస ఇంకెక్కడా వుండదు. నేను హౌస్ సర్జన్‌గా వున్న రోజుల్లో, ఒక రాత్రి డ్యూటీలో నిద్రమత్తు మీద ఒక పసిపిల్లకి మందు రాశాను. మోతాదులో చుక్క ఒక స్థానం పక్కకి జరిగింది. అంటే పది రెట్లు! ఇరవై ఏళ్ళ అనుభవం వున్న సిస్టరు ఆ కాగితం పట్టుకుని వచ్చి, "ఈ అంకె నాకు సరిగ్గా కనబడడం లేదు డాక్టరుగారూ, మరోసారి రాసిపెడతారా?" అంది. నేను చూసుకుని, చెమటలు పట్టి, మళ్ళీ రాశాను. ఆమె చూపు ఎంత చక్కనిదో నాకు తెలుసు. సూదిలో దారం ఎక్కించడానికి వార్డంతా ఆమె దగ్గరకే వెళ్ళేది. "తప్పు రాశారు" అని ఒక డాక్టరుతో అనే వీలు ఆ ఆస్పత్రిలో ఆమెకి లేదు. అందుకని తన కళ్ళ మీద నేరం వేసుకుంది. ఆ రాత్రి ఆమె స్థానంలో చేరి రెండు నెలలైన పిల్ల వుంటే?

1990లలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు అమెరికాలో రెండు ఆస్పత్రుల వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది. కలిసిమెలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ వుంటాయని అనుకుని వెళ్ళింది. ఎక్కువ కనిపించాయి! తర్వాత అర్థమైంది, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు, జరిగినవి పైకి చెబుతున్నారు. తక్కిన చోట్ల దాచేస్తున్నారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి ఒక జాబితా తయారు చేసి, ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో వాడి చూసిన ఫలితాలు వచ్చాయి. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. ఆ జాబితాలో కోత పెట్టే ముందు చెయ్యవలసిన పని ఒకటి వుంది. గదిలో వున్న ప్రతివాళ్ళూ తమ పేరు, తమ పని ఏమిటో పైకి చెప్పాలి. ఇదేం వైద్యం అనిపిస్తుంది. కానీ ఒకసారి గొంతు విప్పిన నర్సు, తేడా వచ్చినప్పుడు రెండోసారి గొంతు విప్పడానికి అంత జంకదు.

తప్పు చెప్పే నోరూ, కొత్త ఆలోచన చెప్పే నోరూ ఒకటే. మొదటిదాన్ని కసిరి మూయించి, రెండోదాని కోసం గోడకి సలహాల పెట్టె తగిలిస్తే అందులో సాలెగూడే మిగులుతుంది.

ఈ రోజుల్లో ఇంకో రకం కూడా వచ్చింది. "మా దగ్గర అందరూ స్వతంత్రులే, మీకు మీరే బాసు" అంటారు. బాగానే వుంది. కానీ గడువు వాళ్ళే పెడతారు. అర్ధరాత్రి వాట్సప్‌లో మెసేజి వస్తుంది. ఇంటింటికీ భోజనం పొట్లాలు తెచ్చిచ్చే కుర్రాడికి ఏ దారిన వెళ్ళాలో, ఎన్ని నిమిషాల్లో చేరాలో, ఎంత డబ్బు వస్తుందో అంతా ఫోనే చెబుతుంది. వాడికి వాడు బాసు ఎలా అవుతాడో నాకు అర్థం కాదు. పెత్తనం లేకుండా బాధ్యత ఒక్కటే నెత్తిన పెడితే అది స్వేచ్ఛ కాదు. గంటలకి కూడా ఒక హద్దు వుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, అంతకన్నా ఎక్కువ చేసేవాళ్ళకి పక్షవాతం ప్రమాదం నూటికి 35 వంతులు ఎక్కువ. ఇష్టంతో చేసే పని కదా అని ఈ లెక్క మారదు. ఆఫీసులో ఎనిమిది గంటలు చేసి, ఇంటికొచ్చి మళ్ళీ గరిటె పట్టుకునే ఆడవాళ్ళు ఆ గంటలు కూడా కలుపుకోవాలి.

మరి ఏం చెయ్యాలి?

ముందు అసలు సంగతి. ఛాతీ నొప్పిని ఆఫీసు మీదకి తోసేసి వూరుకోకండి. మెట్లెక్కుతుంటే నొప్పి వచ్చి ఆగితే తగ్గడం, చెమటలు పట్టడం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, ఆయాసం, వీటిలో ఏది వున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. బి.పి. మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు ఈ వ్యాసం చదివి మానెయ్యకూడదు. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా అది ఆఫీసు విసుగు కాదు, మానసిక వైద్యుడికి చూపించుకోవలసిన సంగతి. అందులో సిగ్గు లేదు.

అవేవీ కావని తేలాక, ఒక వారం పాటు చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకోండి. ఏ గంటకి కడుపు బిగిసింది, అప్పుడు ఏం పని చేస్తున్నారు, ఆ పనిలో మీ నిర్ణయం ఎంత అన్నది రాయండి. మా పేషెంట్లలో చాలామంది పని ఎక్కువైన గంటల్లో బాధ వుంటుందనుకుని మొదలుపెట్టి, సంతకం కోసం ఎదురుచూసే గంటల్లో వుందని కనుక్కున్నారు.

తర్వాత, మీ పనిలో ఎవరినీ అడగక్కర్లేకుండా మీరే మార్చుకోగలిగింది ఒకటి వెతకండి. పనుల వరస కావచ్చు, ఫైళ్ళు సర్దే తీరు కావచ్చు, కౌంటరు దగ్గరకి వచ్చిన ముసలాయనతో మాట్లాడే పద్ధతి కావచ్చు. ఎంత చిన్నదైనా ఫరవాలేదు. మెదడుకి కావలసింది 'నేను చేశాను, ఫలితం వచ్చింది' అన్న అనుభవం. అది కుదిరాక, అడిగి మార్చవలసింది ఒకటి అడగండి. మీటింగులో పదిమంది ముందు కాదు, అక్కడ ఆఫీసరు కూడా తన పరువు చూసుకుంటాడు. విడిగా వెళ్ళి, "ఒక నెల ఇలా చేసి చూస్తానండీ, కుదరకపోతే పాత పద్ధతే" అనండి. ఒక నెల అంటే కాదనడం కష్టం. ఒక్కరే వెళ్ళకుండా పక్క సీటాయనని కూడా కలుపుకుంటే ఇంకా మంచిది.

అన్నీ చేసినా కదలని ఆఫీసులు వుంటాయి. అక్కడ మీ లోపం ఏమీ లేదు. దారి దొరికితే మారిపోండి. దొరికే దాకా బుర్రకి వేరే పని కల్పించండి, వీధి గ్రంథాలయమో, నాటక సమాజమో, పెరటి తోటో. ఆఫీసు తినేసిన చొరవ అక్కడ మళ్ళీ మొలకెత్తుతుంది.

ఆఫీసర్లు కూడా చదువుతూ వుంటారు కాబట్టి ఒక ప్రశ్న. గత నెల రోజుల్లో మీ కింద పనిచేసేవాళ్ళలో ఎవరైనా, "ఇది తప్పండీ" అని మీతో అన్నారా? ఎవరూ అనలేదంటే మీరు తప్పులు చెయ్యలేదని కాదు.

మొదట చెప్పినాయన మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చారు. బ్రాంచికి బదిలీ అడిగితే ఇవ్వలేదట. అయితే చిన్న అప్పుల దరఖాస్తులు నాలుగు టేబుళ్ళకి బదులు రెండు టేబుళ్ళు తిరిగితే చాలని ఒక కాగితం తయారు చేసి, పై అధికారి గదికి విడిగా వెళ్ళి, నెల రోజులు చూడమని అడిగారట. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "సరే, నెల్లాళ్ళే" అన్నారట. నెల అయిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. మాత్ర వేసుకుంటూనే వున్నారు. బి.పి. 136/86 వుంది. ఆదివారం సాయంత్రం బరువు పూర్తిగా పోలేదు గాని, వారం వారం రావడం లేదు.

ఆవిడ మాత్రం ఈసారి కొత్త ఫిర్యాదు తెచ్చారు.

"వంటింట్లో డబ్బాల వరస బాగాలేదని మొన్న ఆదివారం అన్నీ కిందకి దించారండీ. కందిపప్పు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు. దీనికేమైనా మందుందా?"